రంగు తప్పుకున్నప్పుడు

తిరుమలలో ప్రతి గురువారం ఉదయం మూలవిరాట్టుకు సడలింపు జరుగుతుంది. ఆభరణాలు తీసేస్తారు. పట్టుబట్టల బదులు సాదా ధోవతి, ఉత్తరీయం కడతారు. పచ్చకర్పూరంతో దిద్దిన పెద్ద నామాన్ని సన్నగా తగ్గిస్తారు. మిగిలిన రోజుల్లో ఆ నామం చాటున చాలావరకు మరుగున ఉండే కళ్లు ఆ రోజు భక్తులకు కనబడతాయి. అందుకే దాన్ని నేత్రదర్శనం అంటారు. సాయంత్రానికి మళ్లీ పూలంగి సేవ, నిలువెల్లా పూలదండలు. ఈ రెండింటిలో ఏది నిండుదనం, ఏది లోటు అని అక్కడ ఎవరూ అడగరు. ఒకటి తొలగితేనే మరొకటి కనిపిస్తుందన్న ఎరుక ఆ ఆచారంలో ఉంది. చిత్రకళలో, ఛాయాచిత్రంలో, సినిమాలో రంగును కావాలని తగ్గించుకోవడం కూడా ఆ ఎరుకకు చెందినదేనని నేను నమ్ముతున్నాను. ఇంద్రియానికి అందేదాన్ని తగ్గిస్తే అనుభవం చిక్కిపోతుందా, చిక్కబడుతుందా అన్నది మన దర్శనాలకు పాత ప్రశ్న. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో అయిదోది ప్రత్యాహారం. ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకోవడం అక్కడ ధారణకూ ధ్యానానికీ ముందుమెట్టు. మనసు సంగతిలో ఆ మాటను రుజువు చేయడం కష్టం. రంగు సంగతిలో మాత్రం సాక్ష్యాలు ఎదుటే ఉన్నాయి, ఎవరైనా చూసి తేల్చుకోవచ్చు.

ముందుగా రంగు చేసే మేలును ఒప్పుకోవాలి. పండుమిరపను పచ్చిమిరప నుంచి, తెగులు సోకిన ఆకును మంచి ఆకు నుంచి రెప్పపాటులో విడదీసి చెప్పేది రంగే. ఆ వేగమే దాని బలం, చూపుకు అదే ఇబ్బంది కూడా. జవాబు అంత త్వరగా దొరికిన చోట కన్ను రెండో ప్రశ్న వేయదు. ఎర్రచీర అని తెలిసిపోగానే ఆ చీర కుచ్చిళ్ల మీద వెలుగు ఎలా జారుతోందో చూడటం మానేస్తాం. పచ్చటి పొలం, నీలాకాశం అని పేర్లు పెట్టేసుకుని ముందుకు నడుస్తాం. కంటి నిర్మాణం సంగతి చూస్తే ఇంకో విశేషం తెలుస్తుంది. రంగులను పోల్చుకునే శంకు కణాలు ఒక్కో కంటిలో సుమారు 60 లక్షలు, రంగు తెలియని దండ కణాలు సుమారు 12 కోట్లు. చీకటిపడ్డాక మనం చూసేది ఈ దండ కణాలతోనే. మసక వెన్నెల్లో మందారం ఎరుపు కోల్పోయేది అందుకే. పట్టపగలు కూడా లోతు, కదలిక, ఒక వస్తువు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందన్న ఎరుక ప్రధానంగా వెలుగు హెచ్చుతగ్గుల నుంచే మెదడుకు అందుతాయని హార్వర్డ్ నాడీశాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ ప్రసిద్ధ చిత్రాలనే ఉదాహరణలుగా తీసుకుని వివరించారు. పుట్టినప్పటి నుంచి మనం చూస్తూ కూడా చూస్తున్నామని గుర్తించని పొర ఒకటి ఉందన్నమాట. రంగు లేని బొమ్మ ఆ పొరను విడిగా తీసి ముందు పెడుతుంది.

13వ శతాబ్దంలో చైనాకు చెందిన ముచీ అనే చాన్ బౌద్ధ సన్యాసి ఆరు పండ్లను సిరాతో చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు జపాన్‌లో, క్యోటో నగరంలోని దైతోకుజీ ఆలయంలో ఉంది. అవి పెర్సిమన్ పండ్లు, పండితే నారింజరంగులో మండిపోతుంటాయి. ముచీ బొమ్మలో ఆ నారింజ చుక్కంత కూడా లేదు. పండ్లు పెట్టిన బల్ల లేదు, వెనక గోడ లేదు. ఒక పండు దాదాపు నల్లగా ఉంటుంది, కొన్ని బూడిదరంగులో ఉంటాయి, కొన్నింటిని ఉత్త గీతతో చుట్టి వదిలేశాడు. కాసేపు నిలబడి చూస్తే ఏ ఒక్కటీ మరొకదానిలా లేదని, వాటి మధ్య వదిలిన ఖాళీలు కూడా ఒకేలా లేవని తెలుస్తుంది. నారింజరంగు వేసి ఉంటే ఆరూ కలిసి ఒక జాతి పండ్లుగా మాత్రమే మిగిలేవి. రంగు వాటి జాతిని చెబుతుంది. సిరా ఒక్కొక్కదాని ఉనికిని చెప్పింది. సిరాను తెలిసి వాడితే అయిదు రంగులూ అందులోనే ఉంటాయన్న అర్థం వచ్చే మాటను ఝాంగ్ యెన్‌యువాన్ అనే కళాచరిత్రకారుడు 9వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. ఐరోపాలోనూ ఇలాంటి ఆలోచన వచ్చింది. 12వ శతాబ్దపు సిస్టర్షియన్ సన్యాసులు తమ చర్చి కిటికీలకు రంగుటద్దాలూ బొమ్మలూ కూడదని నియమం పెట్టుకున్నారు. ఆ కాలంలోనే పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజేర్, రంగుటద్దాల వెలుగు మనసును దైవం వైపు ఎత్తుతుందని నమ్మి కిటికీల నిండా వాటినే పెట్టించాడు. సుజేర్ తప్పు చేశాడని నేను అనను. సిస్టర్షియన్ల గోడల మీద మాత్రం పొద్దు మారే తీరే అలంకారమైంది. సుజేర్ చర్చిలో అది కనిపించే వీలు లేదు.

మన తార్కికులు ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ తేగలరు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో రూపాన్ని కంటికి మాత్రమే అందే గుణంగా నిర్వచించాడు. రూపమంటే అక్కడ రంగు. ఆకారాన్ని చేత్తో తడిమి కూడా తెలుసుకోవచ్చు, రంగును కన్ను తప్ప మరే ఇంద్రియమూ పట్టలేదు. కంటి సొంత ఆస్తిని కంటి నుంచి లాక్కుని, కొత్త అందం చూపిస్తాననడంలో అర్థముందా? ఆక్షేపణ చిన్నది కాదు, కానీ జవాబు ఆ గ్రంథంలోనే ఉంది. అన్నంభట్టు లెక్కించిన ఏడు రంగుల్లో తెలుపు ఒకటి. ఆ ఒక్క తెలుపునూ ఆయన విడదీసి చూశాడు. నీటికి ఉన్నది ప్రకాశించని తెలుపు, తేజస్సుకు ఉన్నది ప్రకాశించే తెలుపు. ఒకే రంగులో వెలిగేది, వెలగనిది అన్న ఈ తేడా కూడా కంటికి మాత్రమే అందుతుంది, తడిమితే దొరకదు. నలుపు తెలుపు బొమ్మ బతికేది సరిగ్గా ఈ తేడా మీదే. గిన్నెలోని పాల తెలుపు, ఎండలో ఆరేసిన పంచె తెలుపు, చెరువు నీటిపై సూర్యుడు మెరిసిన తెలుపు ఒకటి కావని అది చూపిస్తుంది. కంటి ఆస్తిని అది లాక్కోవడం లేదు, ఆ ఆస్తిలో కన్ను ఎన్నడూ అడుగుపెట్టని గదిని తెరుస్తోంది. నీడ మాటా ఇంతే. నైయాయికులు చీకటిని వెలుగు లేకపోవడంగానే లెక్క కట్టారు. కుమారిలభట్టు మార్గంలోని మీమాంసకులు మాత్రం చీకటి కూడా ద్రవ్యమేననీ, దానికి నల్లని రూపమూ కదలికా ఉన్నాయనీ వాదించారు. తర్కంలో గెలుపు ఎవరిదైనా కానీ, సిరాతో, నలుపు తెలుపు ఫిల్ముతో పనిచేసినవాళ్ల అనుభవం మీమాంసకుల వైపే ఉంటుంది. వాళ్ల బొమ్మల్లో నీడకు బరువుంది, దానికంటూ ఒక చోటు ఉంది.

తెలుగువాళ్లకు అన్నింటికన్నా దగ్గరి సాక్ష్యం మాయాబజార్. 1957లో వచ్చిన ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. నౌకావిహారపు పాటలో ఆయన పట్టి చూపిన వెన్నెల గురించి ఇన్ని దశాబ్దాలుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ వెన్నెలకు నీలిపూత లేదు. అలల అంచున ఎంత తెలుపు ఉండాలి, ఒడ్డున ఎంత నలుపు నిలవాలి, ముఖాల మీద ఆ రెండింటికీ నడుమ ఎన్ని మెట్లు ఉండాలి అన్న పాళ్లతోనే ఆయన వెన్నెలను పుట్టించాడు. ఈ చిత్రానికి హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010లో విడుదల చేసింది. జనం ఆదరించారు. ఆ శ్రమను నేను తక్కువ చేయను, పాత సినిమా అంటే ముఖం తిప్పుకునే పిల్లలను అది థియేటరుకు రప్పించింది. అయితే రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే చూపు దారి మారడం తెలుస్తుంది. రంగుల ప్రతిలో కన్ను ముందు బట్టల మీదికీ నగల మీదికీ పోతుంది. పాత ప్రతిలో ముఖాల మీదికి పోతుంది. సావిత్రి కనుబొమ్మ కదలికలో, రంగారావు ఆహార్యం అంత భారీగా ఉన్నా దాని కింద మెరిసే చిలిపితనంలో ఆ సినిమా అందం ఉందని పాత ప్రతి వెంటనే చెబుతుంది. రంగుల ప్రతిలో అదే అందం రెండోసారి చూసినప్పుడు గానీ చేతికి చిక్కదు.

దీనిమీద రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ న్యాయమైనవే. బార్ట్లే నలుపు తెలుపును ఎంచుకున్నాడా, గతిలేక వాడాడా అన్నది మొదటిది. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం లవకుశ వచ్చింది 1963లో. కాబట్టి 1957లో రంగు ఖరీదైన కోరిక. నిజమే. బార్ట్లేకు రంగంటే వైరమేమీ లేదు, తర్వాత మలయాళంలో చెమ్మీన్‌ను రంగుల్లోనే తీశాడు. కానీ హద్దు బయటినుంచి వచ్చినా దాన్ని సొంతం చేసుకున్నవాడి పని వేరుగా ఉంటుంది. రంగు లేదని తెలిసి వెలుగును అమర్చడం ఒకటి, రంగుతో తీసినదాని నుంచి రంగు పిండేయడం ఇంకొకటి. ఫోనులో ఒక్క వేలి తాకిడికి బొమ్మ బూడిదరంగుకు మారిపోయే ఈ రోజుల్లో పాతదనపు పూతతో గంభీరంగా కనబడే బొమ్మలు కోకొల్లలు. వాటిలో చాలావాటికి నా వాదన వర్తించదు. రెండో అభ్యంతరం నలుపు తెలుపు బొమ్మ నిజాయితీ గురించి. రంగు మాయ అనీ, నలుపు తెలుపే సత్యమనీ కొందరు ఉత్సాహంగా అంటారు. అది పొరపాటు. తొలినాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు తెలియదు, కుంకుమబొట్టు అందులో నల్లచుక్కగా పడేది. కటకానికి పసుపు ఫిల్టరు తగిలిస్తే నీలాకాశం ముదురు బూడిదరంగుకు దిగుతుంది. బూడిదరంగు కూడా ఒక వ్యాఖ్యానమే. నేను దానికి సత్యం హోదా అడగడం లేదు. మనం దాటిపోయినదాన్ని అది నిలబెట్టి చూపిస్తుందని మాత్రమే అంటున్నాను.

ఇంతకన్నా పాత తగువు ఒకటి ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం బొమ్మను చూసేవాళ్లను అభిరుచిని బట్టి తరగతులు చేసింది. రేఖను మెచ్చేవాళ్లు ఆచార్యులనీ, వెలుగునీడల పనితనాన్ని మెచ్చేవాళ్లు వివేకులనీ అంది. ఆడవాళ్లకు నగల మీద, మిగతా జనానికి రంగుల దట్టింపు మీద మోజని తేల్చింది. రంగు తగ్గించడాన్ని మెచ్చుకునే ప్రతి వాదనలోనూ ఈ చిన్నచూపు ఎక్కడో దాగి ఉంటుందని అనుమానించేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. వడ్డాది పాపయ్య రంగుల్లో ఋతువులకూ రాగాలకూ రూపమిచ్చాడు. ఆ బొమ్మలను చందమామ, యువ పత్రికల నుంచి కత్తిరించి గోడలకు అంటించుకున్న ఇళ్లలో అభిరుచికి కొదవేమీ లేదు. అయితే చిత్రసూత్రానికి సరైన జవాబు మన వాకిళ్లలోనే ఉంది. పేడనీళ్లు చల్లిన నేల మీద తెల్లటి పిండితో రోజూ పొద్దున్నే ముగ్గు వేస్తున్నది ఎవరు? రంగు లేదు, నీడ లేదు. చుక్కల నడుమ తెగకుండా తిరిగే గీత ఒక్కటే ఉంది. ఆచార్యులకే చెందుతుందని చిత్రసూత్రం రాసిపెట్టిన రేఖను శతాబ్దాలుగా చేతివేళ్లలో నిలబెట్టుకున్నది, నగల మోజున్నవాళ్లని అది తీసిపారేసిన ఆడవాళ్లే. పైగా వాళ్లు రంగును వెలివేయలేదు. ఏడాది పొడుగునా తెల్లగా ఉండే వాకిలి సంక్రాంతికి రంగులతో నిండిపోతుంది. అన్నాళ్ల తెలుపు ఉండబట్టే ఆ మూడు రోజుల రంగులు పండగలా కనబడతాయి. గురువారపు సడలింపూ సాయంత్రపు పూలంగీ ఒకే క్రమంలో ఉన్నట్టు, వాకిలి కూడా తగ్గింపునూ సమృద్ధినీ వంతులవారీగా పాటిస్తుంది. రంగు తగ్గించడం శాశ్వత వ్రతం కానక్కర్లేదని నేను అనడానికి ఆధారం ఇదే.

అన్నింటికన్నా బరువైన ఆక్షేపణ మన సమాజం నుంచే వస్తుంది. రంగును తగ్గించడం ఇక్కడ శిక్షగా అమలైంది. భర్త పోయిన స్త్రీ నుంచి బొట్టు, పూలు, గాజులు, రంగు చీర తీసేసి, ఆ తీసేయడానికి ధర్మమని పేరు పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు కందుకూరి వీరేశలింగం ఎదిరించింది ఆ ధర్మాన్నే. ఇంతటి చరిత్ర ఉన్న చోట రంగు లేకపోవడంలోని అందాన్ని గురించి మాట్లాడేవాళ్లు జాగ్రత్తగా మాట్లాడాలి. నా వాదనకు ఉన్న షరతు ఇక్కడే చెప్పాలి. తగ్గించుకోవడం తనంతట తాను చేసుకున్నదై ఉండాలి, తిరిగి వెళ్లే దారి తెరిచి ఉండాలి. ఈ రెండూ లేని చోట అది నిగ్రహం కాదు, దోపిడి. నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్ రాసిన ఒక చిత్రకారుడి ఉదంతం దీన్ని బలపరుస్తుంది. కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి అతనికి రంగు చూపు పూర్తిగా పోయింది. మొదట్లో అన్నం కూడా అసహ్యమనిపించింది, మనుషుల ముఖాలు చూడలేకపోయాడు. ఏళ్లు గడిచాక రాత్రిళ్లు తిరగడం అలవాటు చేసుకుని, ఆకారాల్లో తనకు ముందు తెలియని సూక్ష్మం కనిపిస్తోందని అన్నాడు. అతను చివరికి అందం కనుగొన్నాడు కదా అని ఆ ప్రమాదాన్ని ఎవరూ మేలు అనలేరు. బలవంతపు లేమి నుంచి మనిషి ఏదైనా సాధిస్తే ఆ ఘనత మనిషిదే, లేమిది కాదు.

ఈ ఆక్షేపణకు సినిమా ఇచ్చిన ఒక సమాధానం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన పథేర్ పాంచాలిలో ఇందిర్ ఠాక్రున్ అనే ముసలి వితంతువు ఉంది. ఆ పాత్ర వేసిన చునీబాలాదేవి దాదాపు 80 ఏళ్ల మనిషి, సినిమా విడుదలకు ముందే కన్నుమూశారు. రంగుల లోకంలో ఆమె వెలిసిన తెల్లగుడ్డ ఒక ముద్ర. చుట్టూ ఉన్న ఎరుపు అంచుల మధ్య ఆమె లేనితనాన్ని అది క్షణక్షణం చాటుతుంది. నలుపు తెలుపు తెర మీద ఆ ఎరుపుకు అధికారం పోయింది. పెళ్లికూతురి చీర, సింధూరం, అడవి, ముసలమ్మ గుడ్డ అన్నీ ఒకే బూడిదరంగు మెట్ల మీదికి వచ్చాయి. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది, కానీ ఆ తెలుపు ఇప్పుడు ఆమెను వేరు చేయడం లేదు. సుబ్రత మిత్రా కెమెరా ఆమె ముడతల మీద, బోసినవ్వు మీద, పండు దాచుకునే చేతి మీద నిలిచింది. సమాజం ఒకరి మీద మాత్రమే రుద్దిన నియమాన్ని సినిమా అందరికీ సమానంగా వర్తింపజేసింది, అప్పుడు ఆమె ముఖం కనిపించింది. రంగు తగ్గించడం అందాన్ని వెలికితీస్తుందన్న మాటకు ఇంతకన్నా న్యాయమైన రూపం నాకు తెలియదు.

దుఃఖాన్ని అందంగా చూపడం సబబేనా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. బ్రెజిల్ ఛాయాచిత్రకారుడు సెబాస్టియావ్ సల్గాడో వలసలను, కరువును, గనుల కూలీలను నలుపు తెలుపులో తీశాడు. ఆ బొమ్మలు చర్చి గోడల మీది చిత్రాలంత గంభీరంగా ఉంటాయి. అందులోని మనుషులకు పేర్లే లేకపోవడాన్ని రచయిత్రి సుసాన్ సొంటాగ్ 2003లో వచ్చిన తన పుస్తకంలో తప్పుపట్టింది. పేరు లేని బాధ చూసేవాడికి ఒక దృశ్యంగా మాత్రమే మిగులుతుందన్న ఆ విమర్శ నాకు సరైనదిగానే కనిపిస్తుంది. అయితే తప్పు బూడిదరంగుదా? 1943 బెంగాల్ కరువులో మేదినీపూర్ పల్లెల్లో కాలినడకన తిరిగి చిత్రకారుడు చిత్తప్రసాద్ వేసిన బొమ్మలు కూడా నలుపు సిరావే. ఆయన కొన్ని బొమ్మల దగ్గర ఆ మనిషి పేరూ ఊరూ కూడా రాసిపెట్టాడు. హంగ్రీ బెంగాల్ పేరుతో వచ్చిన ఆ చిన్న పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగలబెట్టింది. ఆకలిని అందంగా చుట్టి పక్కకు పెట్టిన పుస్తకమైతే ప్రభుత్వానికి దాన్ని కాల్చే పని ఉండదు. రంగు తగ్గించినవాడు మనిషిని కూడా తగ్గించాడా లేదా అన్నదే చూడాలి. సిరా ఆ పనిని తనంతట తాను చేయదు.

ఇక బతుకు మాట. బొమ్మ నేర్పిన చూపు బొమ్మ దగ్గరే ఆగిపోతే దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. ఈ రోజుల్లో మన చుట్టూ రంగు ఎప్పుడూ లేనంత చవకగా, గట్టిగా అరుస్తోంది. ప్రతి అంగడి పలక, ప్రతి ఫ్లెక్సీ, ప్రతి తెర కంటిని ముందుగా పట్టుకోవాలన్న పోటీలోనే ఉన్నాయి. ఆ పోటీలో ఓడిపోయేవి కొన్ని ఉన్నాయి. వేపచెట్టు బెరడు, వానకు తడిసిన నల్లరాయి, పాత తలుపు మీది అరుగుదల, తెల్లవారుజామున మంచులో ఊరి చెరువు. ఏళ్ల తరబడి పనిచేసిన చేతుల చర్మం కూడా వాటిలోనిదే. వీటికి చెప్పుకోదగ్గ రంగు లేదు, అందుకే వీటిని అందమైన వస్తువుల పట్టీలో ఎవరూ రాయరు. బార్ట్లే నీటినీ, ముచీ పండ్లనూ, సుబ్రత మిత్రా ముసలి ముఖాన్నీ ఓపికగా చూసినవాళ్లకు వీటి దగ్గర ఆగడం అలవడుతుంది. అలా ఆగడానికి వైరాగ్యం పుచ్చుకోనక్కర్లేదు, రంగులను తిట్టనక్కర్లేదు.

చేయగలిగిన పని ఒకటి చెబుతాను. ఇంట్లో పిల్లలకు మాయాబజార్ చూపించేటప్పుడు ముందు 1957 నాటి నలుపు తెలుపు ప్రతినే చూపించండి. రంగుల ప్రతి తర్వాత చూపించవచ్చు, దాన్నీ వాళ్లు ఇష్టపడతారు. పాత చిత్రాలకు కొత్తగా రంగులద్దేవాళ్లకు కూడా ఒక విన్నపం. రంగుల ప్రతితో పాటు మూల ప్రతినీ శుభ్రం చేసి, అంతే నాణ్యతతో జనానికి అందుబాటులో ఉంచండి.